భయానికి మందు

జూన్ 4

పిన్నీ,

నా చేతిరాత గుర్తుపట్టావో లేదో. నేను, పిచ్చుకని. మీ అక్క కూతుర్ని. ఆరేళ్ళ తర్వాత రాస్తున్న ఉత్తరాన్ని క్షేమం అని మొదలుపెట్టడానికి చెయ్యి రావడం లేదు. ఇక్కడ క్షేమం లేదు.

అమ్మకి క్లోమంలో కాన్సర్. తెలిసి నాలుగు నెలలైంది. అప్పటికే కాలేయానికి పాకేసింది. రెండు వారాల క్రితం ఉపశమన వార్డులో చేర్చాను. అంటే నయం చేసే వార్డు కాదు, ఉన్నన్నాళ్ళూ బాధ లేకుండా చూసే వార్డు. ఇంకో నెల, మహా అయితే ఐదు వారాలు అన్నారు డాక్టరుగారు. మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. నువ్వుండే ద్వీపానికి రేడియోలో గాలీవానా అంకెలూ, చావు కబుర్లూ తప్ప ఇంకేమీ పంపరట. చావు కబురు దాకా ఆగలేక రాస్తున్నాను.

మీ ఇద్దరికీ ఎక్కడ చెడిందో నాకు తెలియదు. ఎప్పుడడిగినా అమ్మ "అది గాలి లెక్కలు రాసుకుంటోంది, రాసుకోనీ" అని మాట మార్చేది. ఈ ఉత్తరం రాస్తున్నట్టు కూడా ఆమెకి తెలియదు.

ఆమెకి నొప్పి లేదు పిన్నీ, అదే విడ్డూరం. మార్ఫిన్ బాగానే పనిచేస్తోంది. తనూ నర్సే కాబట్టి వార్డువాళ్ళు "నొప్పి పదికి ఎంత సిస్టర్?" అని అడిగితే "రెండు" అంటుంది. పొద్దున్నపూట నర్సులకి సూది ఎలా పెట్టాలో పాఠాలు కూడా చెప్తుంది. మధ్యాహ్నం మూడు దాటిందంటే మొదలవుతుంది. కళ్ళు పెద్దవి చేసి గోడ వైపు చూస్తుంది. మంచం మీద నుంచి పడిపోతున్నట్టు దుప్పటి పట్టుకుంటుంది. "ఏమిటమ్మా?" అంటే, "ఏమీ లేదే, అదే. ఏమీ లేదు. గుమ్మం ముందు నిలబెట్టేశారు. తలుపు తియ్యరు, కూర్చోనివ్వరు" అంటుంది. చావంటే భయమా అంటే కాదంటుంది. అప్పటిదాకా ఉండటమే భయమట. పుస్తకం పెట్టాను, పాటలు పెట్టాను, పక్క గది ఆవిడని తీసుకొచ్చి కబుర్లు పెట్టాను. రోగులతో మాట్లాడి ధైర్యం చెప్పే ఆవిడ ఒకరు వారానికి రెండుసార్లు వస్తారు. ఆమె వెళ్ళాక అమ్మ, "పాపం మంచి పిల్ల, దాన్ని నవ్వించడానికి చచ్చాను" అంది.

నిన్న డాక్టరుగారిని కూర్చోబెట్టి నా ముందే అడిగింది. "ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆపరేషన్ గదిలో మత్తు డాక్టర్ల పక్కన నిలబడ్డానమ్మా. ఏ మందు ఎంత పడితే మనిషి ఎంతసేపు పడుకుంటాడో నాకు తెలుసు. నన్ను చంపమనడం లేదు. పడుకోబెట్టండి. ప్రాణం దాని టైముకి అది పోతుంది. అప్పటిదాకా నేను ఇక్కడ ఉండక్కర్లేకుండా చూడండి."

డాక్టరుగారు, "ఆగని ఆయాసానికో, లొంగని నొప్పికో అయితే ఈ రోజే ఇస్తాను సిస్టర్. మీది భయం. దానికి ఇవ్వాలంటే మనసు డాక్టరు చూడాలి, ఇంకో డాక్టరు ఒప్పుకోవాలి, అన్నిటికంటే ముందు ఆఖరి రెండు వారాల్లో ఉండాలి. ఇప్పుడే పడుకోబెడితే మీరు జబ్బుతో పోరు, తిండీ నీళ్ళూ లేక పోతారు. ఆ పని నేను చెయ్యలేను" అన్నారు.

నాకు ఇద్దరూ చెప్పింది నిజమే అనిపిస్తోంది. మా కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేసేటప్పుడు అద్దాలు మార్చి మార్చి "ఇది బావుందా, ఇంతకు ముందుది బావుందా" అని అడుగుతాం చూడు, రోజంతా నన్ను నేను అలా అడుక్కుంటున్నాను. నిద్రపోతే ఇక నాతో మాట్లాడదు కదా అనుకుంటే వద్దనిపిస్తుంది. మూడు దాటాక ఆ మొహం చూస్తే ఇప్పుడే ఇచ్చెయ్యండి అని అరవాలనిపిస్తుంది. అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాను. నాకు ఇంకెవరూ లేరు పిన్నీ, నువ్వే ఏదో ఒకటి చెప్పు.

నీ
పిచ్చుక

*

జూన్ 9
గాలి నైరుతి, ఒక మోస్తరు. పొద్దున్న చినుకులు.

పిచ్చుకా,

ఉత్తరం అందింది. చేతిరాత గుర్తుపట్టాను. "క" ఇప్పటికీ తల లేకుండానే రాస్తున్నావు.

ఇక్కడ నేనూ, ఇంజను తాతా తప్ప మనిషి లేడు. ఆయన డీజిలు ఇంజను చూసుకుంటాడు, నేను మూడు గంటలకోసారి గాలీ వానా కొలిచి రేడియోలో చెప్తాను. వాన కొలిచే గరాటులో ఒక పిట్ట గూడు కట్టాలని పట్టుపట్టింది. రోజూ పుల్లలు తీసేస్తాను, రోజూ తెస్తుంది. ఇద్దరం మొండివాళ్ళమే. ఈ ఏడు తుఫాన్లు ముందే మొదలయ్యేట్టున్నాయి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే అసలు సంగతి రాయకుండా తప్పించుకోవడానికి.

మీ తాతయ్య పోయినప్పుడు నువ్వు హాస్టల్లో పరీక్షలు రాస్తున్నావు. నిద్రలో పోయారని చెప్పారు నీకు. అబద్ధం. తొమ్మిది రోజులు పట్టింది. ఆయనకీ నొప్పి లేదు. భయం. నలభై ఏళ్ళు రైలింజను నడిపినవాడు, మంచం పట్టీ రెండు చేతులా పట్టుకుని "బ్రేకు పడట్లేదమ్మా, బ్రేకు పడట్లేదు" అని అరిచేవాడు. గొంతు పోయాక పెదాలతో అనేవాడు. నిద్రమందు మీ అమ్మ బ్యాగులోనే ఉంది. డాక్టరు రాసిచ్చి, "అవసరమనుకుంటే ఇవ్వండి సిస్టర్, మీకు తెలుసు కదా" అని వెళ్ళాడు. నేను మీ అమ్మ కాళ్ళు పట్టుకున్నాను. మాటవరసకి కాదు, నిజంగా నేల మీద కూర్చుని పట్టుకున్నాను. ఏమందో తెలుసా? "నొప్పికి మందుంది. భయానికి మందు లేదు. అది ఎవరికి వాళ్ళు పడాల్సిందే. తెలివిగా ఉన్న మనిషిని తెలివి లేకుండా చెయ్యడానికి నాకేం హక్కుంది?"

ఆవిడ పగలు డ్యూటీకి వెళ్ళేది. తొమ్మిది రోజులూ ఆ చేతులు పట్టుకుని కూర్చున్నది నేను. ఎద్దు పుండు కాకికి నొప్పా!

ఇప్పుడు తనకి కావాలట. తనదాకా వచ్చేసరికి భయానికి మందు పుట్టుకొచ్చిందా? నాన్నకి లేనిది తనకి ఎక్కణ్ణుంచి వచ్చిందో అడుగు. నన్ను సలహా అడిగావు కదా, ఇదే నా సలహా. అడుగు.

పడవ కూత వేస్తోంది. నీ మీద నాకు కోపం లేదు. వేళకి తిను. ఇది చదివి చించెయ్.

పిన్ని

*

జూన్ 15

పిన్నీ,

చించలేదు. చించేలోపే అయిపోయింది.

ఉత్తరం వార్డు అడ్రసుకే వచ్చింది. కవరు మీద రాత అమ్మ నాకంటే ముందు చూసింది. "అదేనా?" అంది. నాలుగు నెలల్లో ఆ మొహంలో అలాంటి వెలుగు నేను చూడలేదు. దిండు పైకి జరిపించుకుని "చదువు" అంది. నేను ముందు చూసుకోలేదు. నీ మాటలు వింటే ఆమెకి మంచిదనుకున్నాను. తల లేని "క" దగ్గర నవ్వింది. పిట్ట గూడు దగ్గర "దానికి తగ్గదే దొరికింది" అంది. తర్వాత తాతయ్య వచ్చాడు. నేను ఆగాను. "ఆపకు" అంది. మధ్యలో ఒక లైను మింగబోతే కనిపెట్టేసి, "మొత్తం చదువు" అంది. చదివాను. "చించెయ్" దాకా చదివాను.

"దాని రాత ఏమీ మారలేదు" అని అటు తిరిగి పడుకుంది.

ఆ రోజు నిన్ను ఎంత తిట్టుకున్నానో నీకు తెలియకపోవడమే మంచిది. కానీ పిన్నీ, తర్వాత జరిగింది విను. ఆ మర్నాటి నుంచీ అమ్మ అడగడం మానేసింది. నిద్రమందు మాటే లేదు. ఈరోజుకి మూడు రోజులు. మూడు దాటినా గోడ వైపు చూడటం లేదు, కళ్ళు మూసుకుని పడుకుంటోంది. "నువ్వు రెండింటికల్లా షాపుకి వెళ్ళిపోవే, ఎన్నాళ్ళు సెలవు పెడతావు" అని నన్ను పంపించేస్తోంది కూడా. నర్సు చార్టులో "ప్రశాంతంగా ఉన్నారు" అని రాసింది. డాక్టరుగారు కూడా సంతోషించారు. "కొందరిలో అది దానంతట అదే దాటిపోతుంది" అన్నారు.

కాబట్టి నీ చేదుమందే పనిచేసిందేమో. నిజం వినడమే ఆమెకి కావాల్సి వచ్చిందేమో. తిట్టుకున్నందుకు ఏమనుకోకు. నిన్న మూడు వారాల తర్వాత మొదటిసారి ఇంట్లో వంట చేసుకుని తిన్నాను. అన్నం మాడింది. అయినా తిన్నాను.

కాస్త ఊపిరి పీల్చుకున్న
పిచ్చుక

*

జూన్ 19
గాలి పెరుగుతోంది. సముద్రం అల్లకల్లోలంగా ఉంది.

పిచ్చుకా, పిచ్చిదానా,

ఆమె ప్రశాంతంగా లేదు.

మా అక్క నీకు పాతికేళ్ళుగా తెలుసు, నాకు యాభై ఏళ్ళుగా తెలుసు. పదకొండేళ్ళప్పుడు దాని అరికాల్లో గాజుముక్క దిగింది. చెప్పులు లేకుండా వెళ్ళొద్దని అమ్మ చెప్పిన రోజే వెళ్ళింది. అందుకని నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. నవ్వుతూ తిరిగింది. చీము పట్టి జ్వరం వచ్చి పడిపోతే గానీ ఇంట్లో తెలియలేదు. తప్పు తనదనుకుంటే అది నోరు విప్పదు. శిక్ష వేసుకుంటుంది.

నిన్ను రెండింటికి ఎందుకు పంపించేస్తోంది? మూడింటికి నువ్వు ఉండకూడదని. వెళ్ళకు. దాని చేతులు చూడు. పెదాల లోపలి వైపు చూడు.

నేను నీకు రాశాను కానీ నిజానికి ఆమెకే రాశాను. చించెయ్ అని రాస్తూనే, ఆమె వింటే బావుణ్ణు అనుకున్నాను. ఆరేళ్ళు ఆ మాటలు నమిలి నమిలి పెట్టుకున్నాను. గురి తప్పలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

డాక్టరుగారికి చెప్పు, ఆమె ఊరుకున్నది తగ్గి కాదని. మందు ఇవ్వమను. నా మాటలు నేను వెనక్కి తీసుకున్నానని ఆమెకి చెప్పు.

జూన్ 21. పడవ రాలేదు. ఈ ఉత్తరం నా జేబులోనే ఉంది. రేడియోలో ఆఫీసు వాళ్ళని బతిమాలాను, ఒక్క మాట, "చెల్లెలు వెనక్కి తీసుకుంది" అని వార్డుకి చేర్చమని. అటు కొత్తగా వచ్చిన మనిషి, "మేడమ్, మరణ వార్తా?" అన్నాడు. కాదన్నాను. కుదరదన్నాడు. నాకు బదులు మనిషిని పంపమని మాత్రం రాయించాను. నేను వదిలి వస్తే గాలి చెప్పేవాళ్ళు లేరు, బయట చేపల పడవలున్నాయి.

జూన్ 24. ఇంకా రాలేదు. నేనే కొలిచాను కదా, రాదని నాకు తెలుసు. అయినా గంటకోసారి రేవుకి వెళ్తున్నాను. ఇంజను తాత, "అమ్మా, నువ్వు చూస్తే సముద్రం సిగ్గుపడి తగ్గదు, లోపలికి రా" అని లాక్కొచ్చాడు.

పిన్ని

*

జూన్ 23

పిన్నీ,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. నా పోయిన ఉత్తరం మర్చిపో. అందులో ఉన్నది ఒక మూర్ఖురాలి సంతోషం.

నిన్న పొద్దున్న అమ్మకి ఒళ్ళు తుడుస్తూ పిడికిలి విప్పాను. అరచేతిలో నాలుగు పుళ్ళు, గోళ్ళు దిగినవి. రెండో చేతిలోనూ అంతే. దిండు కింద చిన్న తువ్వాలు, ఉండలా చుట్టి, పళ్ళగాట్లతో. నన్ను పంపేసి మూడింటి నుంచి ఆరింటి దాకా అది నోట్లో కుక్కుకుంటోంది పిన్నీ. నర్సుకి నిద్రపోతున్నట్టే కనపడేది.

నేను అరిచేశాను. చచ్చిపోతున్న మనిషి మీద అరిచాను. "ఎందుకమ్మా, ఎందుకిలా?" అంటే, "మా నాన్న అడిగితే నేనివ్వలేదు. ఏ మొహం పెట్టుకుని తీసుకోను?" అంది. కాసేపయ్యాక తనే చెప్పింది. "నాకు అప్పుడు గట్టి నమ్మకమే. భయంలోంచి వెళ్తే మనిషికి ఏదో తెలుస్తుంది, ఆ దారి మనం మూసెయ్యకూడదు అనుకునేదాన్ని. ఇప్పుడు నేను అందులోనే ఉన్నాను కదా. వెతికాను. ఇందులో తెలుసుకోవడానికి ఏమీ లేదే."

డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ వెంటనే వచ్చారు, చేతులు చూశారు, కళ్ళు తుడుచుకున్నారు. ఆ రోజే మనసు డాక్టరు వచ్చారు, ఇంకో ఆసుపత్రి నుంచి పెద్దాయన కూడా వచ్చారు. అమ్మ ఒళ్ళు పూర్తిగా దిగజారింది, రెండు వారాలు కూడా లేవన్నారు. ఇది మందులతో తీరే దిగులు కాదన్నారు. అందరూ సరేనన్నారు. ముందు ఒక్క రోజు పడుకోబెట్టి లేపుతారట, అప్పటికీ భయం తగ్గకపోతే ఆఖరిదాకా. ఊపిరి ఆపే మోతాదు కాదు, నిద్రపోయే మోతాదే. ఇదంతా డాక్టరుగారు మంచం మీద కూర్చుని అమ్మకి చెప్పారు.

అమ్మ "వద్దు" అంది.

మూడు వారాల క్రితం ఆమె అడిగితే వాళ్ళు ఆపారు. ఇప్పుడు వాళ్ళిస్తామంటే ఈమె ఆపుతోంది. నేను వరండాలో డాక్టరుగారి చెయ్యి పట్టుకుని, "చెప్పకుండా ఇచ్చెయ్యండి. రోజూ ఎక్కించే మందులో కలిపెయ్యండి" అన్నాను. ఆవిడ చెయ్యి విడిపించుకోలేదు. "తెలివిలో ఉన్న మనిషి వద్దంటే, తప్పు కారణానికి వద్దన్నా సరే, నేను సూది ముట్టుకోనమ్మా" అన్నారు. ఆమె మంచావిడే. ఆ క్షణంలో మాత్రం ఆమెని కొట్టాలనిపించింది.

ఇంకో మాట కూడా చెప్తాను, నీకు తప్ప ఎవరికి చెప్పను. ఇదంతా అమ్మ కోసమే అడుగుతున్నానా, నేను చూడలేక అడుగుతున్నానా? నాకే తెలియడం లేదు.

నువ్వు కట్టిన ముడి ఇది. నువ్వే విప్పు. నాకు రాయకు, నాకు నీ ఓదార్పు అక్కర్లేదు. ఆమెకి రాయి. కోపం పోయిందో లేదో నాకు అనవసరం, అబద్ధమైనా సరే రాయి. రోజూ మూడవుతోంది.

పిచ్చుక

*

జూన్ 25
గాలి తగ్గింది. పడవ వచ్చింది.

పిచ్చుకా, నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఆరు రోజులు జేబులో ఉన్న ఉత్తరమూ, ఇదీ కలిపి పంపుతున్నాను. రెండోది అమ్మకి చదువు. ఈసారి ముందు నువ్వు చూసుకో. పనికిరాదనిపిస్తే నీ ఇష్టం.

అక్కా,

పడవ మనిషి గంట టైమిచ్చాడు. చుట్టూ తిప్పను.

నాన్నకి నువ్వు చేసింది తప్పు. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. నేను క్షమించలేదు. నువ్వు పోతున్నావు కదా అని క్షమించేశానని రాయమంటోంది నీ కూతురు. రాస్తే నమ్ముతావా? చిన్నప్పటి నుంచీ నా అబద్ధం నా నోట్లో ఉండగానే పట్టుకునేదానివి.

కానీ దానికీ దీనికీ ఏమిటే సంబంధం? ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్ళని, నువ్వు మంచివాడివేనా, ఎవరినైనా ఏడిపించావా అని అడిగి మాస్కు పెట్టేదానివా? తాగి లారీ నడిపి ఇద్దర్ని గుద్దినవాడికి మత్తు ఇచ్చిన రోజు ఇంటికొచ్చి చెప్పావు, వాడు వణికిపోతుంటే చెయ్యి పట్టుకున్నానని. నాకు ఒళ్ళు మండింది. "అలాంటివాడి చెయ్యి పట్టుకుంటావా?" అంటే, "బల్ల మీద అందరూ ఒకటేనే" అన్నావు. మరి నువ్వెక్కడి నుంచి వేరే దిగొచ్చావు?

నువ్వు పడితే నాన్న పడింది తగ్గదు. ఆయన తొమ్మిది రోజుల పక్కన నీవి చేరుతున్నాయి, అంతే. ఆ పక్కన నీ కూతురివి చేరుతున్నాయి. నాన్న దగ్గర కూర్చుని నేనేమయ్యానో చూడు. మనుషుల మధ్య ఉండలేక రాతి మీద కూర్చుని గాలి కొలుస్తున్నాను. దాన్ని ఇలా చెయ్యకు.

నిన్ను ఏడిపించాలనే ఆ మాటలు రాశాను. అది నా తప్పు. నువ్వు నన్ను క్షమించనక్కర్లేదు. మనిద్దరం క్షమించుకోని అక్కాచెల్లెళ్ళుగానే ఉందాం, ఏం పోయింది? లోకంలో ఎంతమంది లేరు!

నా కోసం ఆగకు. బదులు మనిషి తర్వాతి పడవకి గానీ రాడు. నేను వచ్చేసరికి నువ్వు నిద్రలో ఉంటే, ఉండు.

పడుకో అక్కా.

నీ చెల్లెలు

*

జూలై 12

పిన్నీ,

ఈ ఉత్తరం కోపంగానే రాస్తున్నాను. నువ్వు నన్ను ఒక్క మాట అడగనివ్వకుండా వెళ్ళిపోయావు కాబట్టి రాస్తున్నాను.

నీకు తెలియనివి ముందు చెప్తాను. ఉత్తరాలు 28న వచ్చాయి. ముందు చూసుకున్నాను, "క్షమించలేదు" దగ్గర కాగితం మడిచేశాను. చదవనా మాననా అని వరండాలో అటూ ఇటూ తిరిగాను. మూడవడానికి పది నిమిషాలుంది. వెళ్ళి చదివేశాను. లారీవాడి దగ్గర అమ్మకి నవ్వొచ్చింది. నవ్వి, దగ్గి, ఏడ్చి, "ముండ, అన్నీ గుర్తుపెట్టుకుంది" అంది. తర్వాత నాతో, "డాక్టరమ్మని పిలు" అంది. అంతే. నేను ఆరు రోజులు కాళ్ళావేళ్ళా పడితే కరగని మనిషి.

29న పడుకోబెట్టారు. నా చెయ్యి పట్టుకుని, నర్సు మందు ఎక్కించే పంపు బిగిస్తుంటే "గాలిబుడగ చూసుకో" అని దానికి చెప్పి, నిద్రపోయింది. మర్నాడు మధ్యాహ్నం రెండు దాటాక లేపారు. కళ్ళు తెరిచి "ఇంత తొందరగానా?" అంది. పిన్నీ, ఆ తర్వాత నలభై నిమిషాలు అమ్మ మామూలుగా ఉంది. జబ్బు రాకముందు అమ్మలా. తల దువ్వించుకుంది. నా కళ్ళద్దాలు వంకరగా ఉన్నాయని తీసి, తనే సరిచేసి పెట్టింది. "షాపులో అందరికీ బిగిస్తావు, నీవి చూసుకోవేం" అంది. నువ్వు చిన్నప్పుడు రైలింజనులో ఎక్కి కూత తాడు లాగితే తాతయ్య ఉద్యోగం పోబోయిన కథ చెప్పింది. నలభై నిమిషాలు. మూడు దాటగానే మళ్ళీ ఆ కళ్ళు వచ్చాయి. దుప్పటి పట్టుకుంది. "ఇక చాలే, నన్ను పంపించు" అంది. ఆ సాయంత్రమే మళ్ళీ నిద్రమందు పెట్టారు. అప్పటి నుంచీ నాకు ఒకటే లెక్క. రోజూ లేపి ఉంటే రోజుకో నలభై నిమిషాలు దొరికేవా? వాటిని నేనే కాలదన్నుకున్నానా?

3వ తేదీన నువ్వొచ్చావు. తడిసిన సంచీతో గుమ్మంలో నిలబడ్డావు. డాక్టరుగారు చెప్పారు, "మీరు మాట్లాడాలనుకుంటే మోతాదు తగ్గిస్తాను, గంట గంటన్నరలో లేస్తారు. సిస్టరు ముందే చెప్పి ఉంచారు, చెల్లెలు అడిగితే లేపమని." నాకెంత ఆశ పుట్టిందో నీకేం తెలుసు! నేను అడగలేను, నిద్రమందుకి సంతకం పెట్టినదాన్ని. నువ్వు అడుగుతావనుకున్నాను. ఆరేళ్ళు దాచుకున్న మనిషివి, అంత దూరం నుంచి వచ్చినదానివి, అడక్కుండా ఎలా ఉంటావు? నువ్వు "లేపొద్దు" అన్నావు. ఒక్క మాట. మొహం రాయిలా పెట్టుకుని. రెండు రోజులు ఆ కుర్చీలో కూర్చున్నావు, నాతో నాలుగు మాటలు మాట్లాడలేదు. 5న అమ్మ పోయింది. అంతా అయ్యాక సంచీ తీసుకుని పడవ ఎక్కావు.

ఆమె నీకోసం తలుపు తీసి పెట్టుకుని పడుకుంది. నువ్వు కనీసం లోపలికి తొంగి చూడలేదు. ఇంకా తాతయ్య కోపమేనా పిన్నీ? ఆ మొహం చూశాక కూడానా?

పిచ్చుక

*

జూలై 17
గాలి లేదు. ఈరోజు ఇంకేమీ కొలవలేదు.

పిచ్చుకా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రెండోసారికే అర్థమైంది. మిగతా రెండు సార్లూ నన్ను నేను తిట్టుకోవడానికి చదివాను.

కోపమేనా అన్నావు. లేదని ప్రమాణం చెయ్యను, మనసు అడుగున ఎక్కడైనా ఉందేమో వెతికాను, దొరకలేదు. కానీ అందుకు కాదు.

నాకు లేపాలని ఉంది. పడవలో దారంతా ఆమెతో ఏమనాలో అనుకుంటూనే వచ్చాను. డాక్టరుగారు ఆ మాట అనగానే "లేపండి" అని నా నోటిదాకా వచ్చింది. అప్పుడు నీ వైపు చూశాను. నువ్వు మంచం కాళ్ళ దగ్గర నిలబడి, ఏడుస్తూ, తల అడ్డంగా ఊపుతున్నావు. నేను అడగలేను అంటున్నావని ఇప్పుడు తెలిసింది, అప్పుడు నీకు వద్దనుకున్నాను. అమ్మ పడ్డదంతా చూసినదానివి, మళ్ళీ ఆ కళ్ళు చూసే ఓపిక నీకు లేదనుకున్నాను. ఒకసారి నా కోసం మీ ఇద్దర్నీ ఏడిపించాను, మళ్ళీ నా కోసమే ఆమెని లేపి నిన్ను నిలబెట్టకూడదనుకున్నాను. నా కోరిక మింగి "లేపొద్దు" అన్నాను. అది రాయి మొహం కాదే. నోరు తెరిస్తే లేపండి అనేస్తానని బిగబట్టిన మొహం. ఆ రెండు రోజులూ అలాగే కూర్చున్నాను. అందుకే నీతో మాట్లాడలేదు.

నలభై నిమిషాల సంగతి నాకు నువ్వు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆగేదాన్ని కాదు.

మనం చేసింది సరైనదేనా అని రోజూ అడుక్కుంటున్నావని తెలుసు. నాకు తెలియదు పిచ్చుకా. నాన్న విషయంలో మీ అక్కాచెల్లెళ్ళిద్దరిలో ఎవరిది ఒప్పో తెలుసా అని ఎవరైనా అడిగితే ఆరేళ్ళూ నాదే ఒప్పు అని అరిచేదాన్ని. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుని వచ్చాక అంత గట్టిగా అనలేను. మనిషి కళ్ళెదుట ఊపిరి తీస్తుంటే, మనం పిలిస్తే పలుకుతుందని తెలిసి పిలవకుండా ఉండటం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది. మీ అమ్మ ఆ మందు సీసా బ్యాగులోనే ఉంచేసినప్పుడు ఆమెకీ నాన్న మాట వినాలని ఉందేమో. నేను అడగలేదు. ఇక అడగలేను.

ఒక్కటి మాత్రం నాకు తెలుసు. నేను వచ్చేసరికి రెండు దాటింది. అప్పుడు మోతాదు తగ్గిస్తే ఆమె లేచేది మూడున్నరకి.

నీకు లేపాలని ఉంది. నాకూ లేపాలని ఉంది. నేను అడుగుతానని నువ్వు, నీకు వద్దని నేను. ఇద్దరిలో ఒక్కరం నోరు విప్పినా లేపేసేవాళ్ళం. ఈ నెలలో మనం ఒకరినొకరం తప్పుగా అర్థం చేసుకున్న ప్రతిసారీ దెబ్బ ఆమెకే తగిలింది. ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం, మన పొరపాటు పుణ్యమా అని, మా అక్క కదలకుండా పడుకుంది.

పిన్ని